తలుపు వెనక బొటనవేలు ముద్ర

చిరంజీవి నా చిన్న మేస్త్రీకి,

నాన్న మనసారా దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగున్నాం. నువ్వూ అక్కడ వేళకు తింటూ, కంటినిండా నిద్రపోతూ బాగున్నావని అనుకుంటున్నాను. అనుకోవడమేమిటి, అలాగే ఉండాలి, ఇది నాన్న ఆర్డరు.

తల్లీ, ముందుగా సంతోషం రాస్తాను, మిగతావి తర్వాత. నువ్వు సంతకం చేసి పంపిన అగ్రిమెంటు వచ్చింది. "కొనుగోలుదారు" అని అచ్చేసి ఉన్న చోట నీ పేరు చూశాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, టీ కొట్టు బల్ల మీద కూర్చుని, నలుగురి ముందూ ఏడ్చేశాను. బ్రోకరు కంగారుపడి "ఏమైంది సార్, పేరులో ఏమైనా తప్పు పడిందా?" అన్నాడు. సార్ అన్నాడు తల్లీ నన్ను! నలభై మూడేళ్ళు జనం ఇళ్ళకు రంగులేశాను. "ఏయ్ పెయింటరూ, చెప్పులు అక్కడ విడువు" అన్నవాళ్ళే గానీ ఒక్కడూ సార్ అనలేదు. మా నాన్న అద్దె కొంపలో పోయాడు. నేను పెళ్ళయ్యాక ఆరు కొంపలు మారాను. మనలో ఇల్లు కొంటున్న మొదటి మనిషివి నువ్వు. అదీ ఉండటానికి కాదు, ఇంకొకరికి అద్దెకివ్వడానికి! మీ అమ్మ ఆ కాగితాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి, చేతులు కడుక్కుని, మళ్ళీ తీసి చూసింది. చదవడం రాకపోయినా నీ సంతకం గుర్తుపడుతుంది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. లేకపోతే మళ్ళీ "నాన్నా, నీ ఉత్తరంలో సంతోషం తప్ప సమాచారం ఉండదు" అంటావు.

మీ అమ్మ మోకాలు నయం. మెట్లెక్కేటప్పుడు మాత్రం మెట్టుకొకసారి నన్ను తిడుతోంది, అలా అయితే నొప్పి తెలియదట. నువ్వు పంపిన మందు ఇంకో వారానికి సరిపోతుంది. పక్కింటివాళ్ళ రేడియో గోల తగ్గింది, వాళ్ళు మారలేదు, రేడియో పాడైంది. నా చెయ్యి బాగానే అతుక్కుంది. వాన రాబోతుంటే ముందురోజే చెబుతుంది, అంతకు మించి ఇబ్బంది లేదు. ఇక నా పొద్దుటి నడక మానలేదు కదా అని అడిగావు. దాని గురించి కాస్త రాయాల్సింది ఉంది. తర్వాత రాస్తాను.

ఇల్లు ఎలా చూశావో వివరంగా రాయమన్నావు. "ఫోనులో బాగుంది, బాగుంది అని నాలుగుసార్లు అన్నావు నాన్నా, ఏం బాగుందో చెప్పలేదు" అని రాశావు. నిజమే. ఫోనులో నువ్వు మధ్యలో మాట్లాడతావు, నేను ఆగిపోతాను. కాగితం అయితే మధ్యలో అడ్డం రాదు.

ఆ రోజు మీ అమ్మ నాకు ఇస్త్రీ చొక్కా వేసింది. దువ్విన తలనే మళ్ళీ దువ్వింది. "చూడ్డానికి వెళ్తోంది ఇల్లండీ, పెళ్ళికూతుర్ని కాదు" అని తనే వెక్కిరించింది. నేను జేబులో ఒక గోలీ, చిన్న సుత్తి, బ్యాటరీ లైటు వేసుకున్నాను. నువ్వు గళ్ళు గీసి పంపిన కాగితం మడిచి పై జేబులో పెట్టుకున్నాను. ధర, వచ్చే అద్దె, ఇల్లు ఖాళీగా ఉండే నెలలు, పన్ను, రిపేర్లు. ఎంత అందంగా గీశావు తల్లీ! ఇంటిని అలా గళ్ళల్లో పెట్టి చూడొచ్చని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. నేను ఎప్పుడూ "అద్దె" అన్న గడిలోనే బతికాను, మిగతా గళ్ళు ఓనర్లవి. కాగితం వెనక నువ్వు చూడమన్నవి రాశావు. అందులో మొదటిది నాకు నోటికొచ్చు. "అన్నిటికన్నా ముందు చెమ్మ చూడు నాన్నా. చెమ్మ ఉంటే ఎంత చవకైనా నాకు వద్దు. ఈ పనికి నీకంటే నమ్మకమైనవాళ్ళు నాకెవరున్నారు?"

బ్రోకరు నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. సందు మలుపు తిరిగి నీలం గేటు ముందు ఆపాడు. "దిగండి సార్" అని రెండుసార్లు అన్నాక దిగాను.

ముందు గది చక్కగా ఉంది. గోలీ నేల మీద వదిలితే నెమ్మదిగా గుమ్మం వైపే దొర్లింది, అంటే కడిగిన నీళ్ళు బయటికే పోతాయి. ఎక్కడెక్కడో సుత్తితో కొట్టి చూశాను, గచ్చు బోలుగా లేదు. పైకప్పు మీద బ్యాటరీ లైటు వేసి మూలమూలా చూశాను, మరక లేదు. కుళాయి విప్పితే బకెట్టు తొందరగా నిండింది. ఆ బకెట్టు బాత్రూములో ఒక్కసారిగా కుమ్మరించాను, నీళ్ళు నిలవకుండా లాగేసింది. కిటికీ తలుపులు వాన కాలానికి బిగుసుకుంటాయి, ఒక పూట చిత్రిక పడితే సరిపోతుంది. ఇవన్నీ నిజం తల్లీ. వీటిలో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు.

వెనక గదిలో ఇప్పుడు అద్దెకుంటున్న టైలరమ్మ కుట్టుమిషను పెట్టుకుంది. వెలుతురు బాగా వస్తుంది. బడి పిల్లల యూనిఫారాలు కుడుతుందట. గోడలకు వెన్న రంగు. బ్రోకరు గోడ మీద అరచేత్తో చరిచి "అద్దం సార్, అద్దం" అన్నాడు. నేనూ చెయ్యి వేశాను. చల్లగా ఉంది. "బాగుంది" అన్నాను. టైలరమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, నేను తాగినంతసేపూ నా మొహమే చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రమే నీకు ఫోను చేశాను. మర్నాడు నువ్వు అడ్వాన్సు పంపావు. నువ్వు పంపిన అగ్రిమెంటు రాగానే టీ కొట్టులో బ్రోకరు ముందే సాక్షిగా నేను సంతకం పెట్టాను. పెద్ద పెద్ద అక్షరాలతో పెట్టాను, గడి దాటి బయటికి వచ్చేసింది.

ఇంటికొచ్చి మీ అమ్మతో నీ పెన్సిలు గీతల గురించి మాట్లాడుకున్నాం. నీకు జ్ఞాపకం ఉందా? పుట్టినరోజు వస్తే చాలు, గోడకు ఆనించి నిలబెట్టి తల మీద స్కేలు పెట్టి గీత గీసేవాణ్ణి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సున్నం వేసి ఇవ్వాలని ఓనర్లు పట్టుబట్టేవాళ్ళు. నా చేత్తోనే నీ గీతల మీద సున్నం కొట్టేవాణ్ణి. నువ్వు ఏడ్చేదానివి. నాలుగు ఇళ్ళల్లో నువ్వు ఎంత పెరిగావో నేనే చెరిపేశాను. ఇక ఆ గొడవ లేదు, మన గోడ మీద మన ఇష్టం అని మీ అమ్మ అంది. నేను అవునన్నాను. అన్నం సయించలేదు.

ఇక్కడిదాకా పొద్దున రాశాను. కలం పక్కన పెట్టి బయటికి వెళ్ళి టీ తాగొచ్చాను. ఇక్కడే "ఇట్లు" అని రాసేసి కవరు అంటించేద్దామా అనిపించింది. కానీ మీ అమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. "రాశారా?" అంది. "రాశాను" అన్నాను. "అదీ రాశారా?" అంది. అందుకని మళ్ళీ కూర్చున్నాను.

నడక సంగతి. నడక లేదు తల్లీ. ఏ రోజూ లేదు.

నిరుడు నిచ్చెన మీంచి పడి మణికట్టు విరిగినప్పుడు నువ్వు సెలవు పెట్టి వచ్చి, నా కట్టు చేతిని పట్టుకుని "ఇక ఎక్కను అను నాన్నా" అని మూడుసార్లు అనిపించావు. మాటిచ్చాను. నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాను. చేతులు నావి కానట్టు ఉండేవి. ఊరికే మంచం కోళ్ళకు రంగేశాను, మీ అమ్మ గరిటెల పిడులకు రంగేశాను. ఆఖరికి రంగుల కొట్టు షావుకారు దగ్గరికి వెళ్ళి, చిన్న పనులుంటే చెప్పమన్నాను. పార్కుకని ఇంట్లోంచి బయల్దేరి పనికి పోయేవాణ్ణి. మీ అమ్మకు మొదటి వారమే తెలిసిపోయింది. పార్కులో నడిచినవాడి చొక్కాకు కిరసనాయిలు వాసన ఎందుకొస్తుందని అడిగింది. తర్వాత తనే రంగు మరకలు వదిలించేది. నీతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకునేవాళ్ళం కాదు.

ఇంకా ఉంది.

ఇల్లు కొంటానని నువ్వు రాసిన మొదటి ఉత్తరం రావడానికి మూడు వారాల ముందు, షావుకారు నన్ను ఒక ఇంటికి పంపాడు. ఆ ఇంటి ఓనరు ఎండయినా వానయినా గొడుగు వదలడు, అందుకని కొట్లో అందరూ గొడుగాయన అంటారు. ఆయన నన్ను వెనక గదికి తీసుకెళ్ళి చూపించాడు. నేల నుంచి నడుము ఎత్తు దాకా గోడ తడిసి, ఉప్పు పేలి, గిచ్చితే పొడి రాలుతోంది. "దీన్ని మాయం చెయ్యాలి" అన్నాడు. "ఇది రంగుతో పోయేది కాదండీ, లోపలి నుంచి వస్తోంది" అన్నాను. "పోవాలని ఎవరన్నారు? రెండు నెలలు కనపడకుండా ఉంటే చాలు" అన్నాడు.

ఆ పని నాకు కొత్త కాదు తల్లీ. ఉప్పంతా గీకి, గది మధ్యలో బొగ్గుల కుంపటి పెట్టి మూడు రోజులు ఆరబెట్టాను. అడుగున రెండు పూతలు ఆయిల్ పెయింటు, దాని మీద లప్పం పెట్టి గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. పైన లేత రంగు వేశాను, ముదురు రంగైతే మరక తొందరగా బయటపడుతుంది. ఎవరైనా చూడ్డానికి వచ్చిన రోజు కిటికీలు తెరిచి ఉంచమని కూడా నేనే సలహా ఇచ్చాను. గొడుగాయన సంతోషించి చెప్పినదానికంటే కాస్త ఎక్కువే ఇచ్చాడు. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు ఆ డబ్బుతోనే నీ కొత్త ఇంటికని ఇత్తడి తాళం కొన్నాను. బరువుగా, రెండు చెవులతో, మంచి తాళం.

ఇంటి నెంబర్లు నాకెప్పుడు తెలుసు? నువ్వు ఉత్తరంలో నెంబరు రాశావు. మాకు ఇళ్ళు గేటు రంగుతో గుర్తు, వేసిన పనితో గుర్తు. స్కూటరు నీలం గేటు ముందు ఆగేదాకా నాకు తెలియదు. నీ మీద ఒట్టు.

మిగతా గదులు అంత శ్రద్ధగా ఎందుకు చూశానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. వెనక గదికి వెళ్ళడం ఎంత ఆలస్యమైతే అంత మంచిదని చూశాను. గోడ మీద చెయ్యి వేసినప్పుడు నాకు తెలుసు. చల్లదనం పూత దాటి అప్పటికే అరచేతికి వచ్చేసింది. నోరు విప్పి "ఇందులో చెమ్మ ఉంది" అంటే, ఎలా తెలుసు అంటావు. నేనే కప్పాను అనాలి. ఎప్పుడు అంటావు. నిచ్చెన సంగతి వస్తుంది, నడక సంగతి వస్తుంది. పైగా ఆ బ్రోకరు పక్కనే నిలబడి సార్, సార్ అంటున్నాడు. ఆ పిలుపు కాస్తా పోతుందని కూడా అనిపించింది, దాచను. నువ్వు తిడతావని భయపడి, ఎవడో అన్న ఒక్క మాటకు ఆశపడి, హాస్టల్లో నలుగురితో ఒక గది పంచుకుని నువ్వు తొమ్మిదేళ్ళు కూడబెట్టింది తీసుకెళ్ళి ఆ గొడుగాయన చేతిలో పోశాను.

నువ్వు ఈ ఇల్లు కొంటున్నది ఎందుకో కూడా నాకు తెలుసు. "నెలనెలా అద్దె మీ చేతికొస్తే నువ్వు మళ్ళీ నిచ్చెన వంక చూడక్కర్లేదు నాన్నా" అని రాశావు. ఆ ముక్క చదివినప్పుడు నా జేబులో షావుకారు రాసిచ్చిన ఇంకో పని చీటీ ఉంది.

తర్వాతది ఇంకా సిగ్గుమాలిన సంగతి. నీకు చిన్నప్పుడు ఒక ఆట ఉండేది. నేను రంగేసిన ఏ ఇంటికి తీసుకెళ్ళినా, గబగబా తలుపు వెనక్కి దూరి, నేలకు జానెడు ఎత్తున వెతికేదానివి. ఆఖరి పూత ఆరిందో లేదో చూడ్డానికి నేను అక్కడ బొటనవేలు నొక్కి చూస్తాను కదా. గీకుడు రేకు తగిలి అడ్డంగా గాటు పడిన నా బొటనవేలు అది. ముద్ర కనపడగానే "దొరికాడు నాన్న!" అని అరిచేదానివి. నలభై మూడేళ్ళ అలవాటు, ఈ ఇంట్లోనూ నొక్కాను. రిజిస్ట్రేషను రోజు నువ్వొస్తావు. వచ్చిన దానివి మొదట ఎక్కడికి పోతావో నాకు తెలియదా?

అందుకని మూడు రోజులు వాన పడి తెరిపిచ్చాక, జేబులో గరుకు కాగితం పెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాను. అల్మారాకు కొలతలు తీసుకోవాలని టైలరమ్మకు చెప్పి వెనక గదిలోకి పోయాను. ముద్ర చెరిపేద్దామని వెళ్ళాను తల్లీ. నీకు నిజం చెప్పడానికి కాదు. తలుపు వెనక చతికిలపడి చూస్తే, మోకాలి ఎత్తున గోడంతా బుడగలు లేచి ఉంది. ఒకదాన్ని వేలితో నొక్కితే లోపల నుంచి నీళ్ళు వేలి మీదుగా కారాయి. రెండు నెలలు ఆగుతుందన్న నా పనితనం ఏడు వారాలకే విడిపోయింది. అయినా నేను ముద్ర మీద కాగితం పెట్టి రుద్దబోయాను.

"కొలతలు గరుకు కాగితంతో తీస్తున్నారా బాబాయ్ గారూ?"

టైలరమ్మ. చేతిలో కత్తెర, మెడలో టేపు.

"మొదటి రోజే గుర్తుపట్టాను. మూడు రోజులు కుంపటి పెట్టి నా మిషనంతా మసి చేసిపోయిన మనిషి ఇస్త్రీ చొక్కా వేసుకొస్తే మాత్రం గుర్తుపట్టనా?" అంది.

"మరి బ్రోకరు ముందు ఎందుకు అనలేదమ్మా?"

"అనడానికేం, అంటే మర్నాడే సామాను బయట పెడతానన్నాడు గొడుగాయన. పదకొండేళ్ళుగా జనం బట్టలు పట్టుకుని ఈ గుమ్మంలోకే వస్తున్నారు. ఇంకో చోటికి పోతే మళ్ళీ మొదటి నుంచి. సరే, నాకు ఓనరు భయం. మీకెవరి భయం?"

నేను గరుకు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఇంతకీ కొనేదెవరు?"

"మా అమ్మాయి."

ఆమె నవ్వింది. నవ్వాపుకోలేక కత్తెర మిషను మీద పెట్టేసింది. "సొంత కూతురికేనా! ఊళ్ళోవాళ్ళని ముంచినవాళ్ళని చూశాను గానీ బాబాయ్ గారూ, మీరు ఇంట్లోంచే మొదలుపెట్టారు."

నవ్వడం అయ్యాక ఒక మూట విప్పి చూపించింది. తెల్ల యూనిఫారం చొక్కాలు, ఇరవై దాకా. మడతల మీద బూజు మచ్చలు. గోడ నున్నగా, కొత్తగా ఉంది కదా అని దాని పక్కన పేర్చి పెట్టిందట. బడివాళ్ళు వెనక్కి పంపారు, గుడ్డ ఖరీదు ఆమె పెట్టుకోవాలి. "మీరు రంగేసి ఉండకపోతే గోడకు దూరంగానే పెట్టుకునేదాన్ని" అంది. ఆ మాట గట్టిగా కూడా అనలేదు. బటను కుట్టేటప్పుడు మాట్లాడే గొంతుతో అంది.

మర్నాడు పొద్దున్నే పాత పని బట్టలు వేసుకుని, గీకుడు రేకు పట్టుకుని, మీ అమ్మకు చెప్పి మరీ వెళ్ళాను. వెనక గోడ నడుము ఎత్తు దాకా మొత్తం గీకేశాను. రంగు, లప్పం, ఆయిల్ పూత, నానిన గచ్చుతో సహా అన్నీ తడి తోలులా ఊడొచ్చాయి. లోపల ఇటుక నల్లగా నానిపోయి ఉంది. బయటికి వెళ్ళి వెనకవైపు చూశాను. పక్కింటివాళ్ళు వాళ్ళ పెరడు ఎత్తు చేయించారు. మట్టంతా మన గోడకు ఆనుకుని నడుము దాకా ఉంది. పడిన ప్రతి వానా ఆ మట్టిలో దిగి, గోడలోకి వస్తుంది. నీ తరఫున చూడ్డానికి వచ్చిన రోజే ఇంటి చుట్టూ తిరిగి ఉంటే ఇది కనపడేది. నేను తిరగలేదు, ఎందుకు తిరగలేదో రాశాను.

మధ్యాహ్నానికి గొడుగాయన వచ్చాడు.

"ఏం పెద్దాయనా, నీకు కూలి ముట్టిందా లేదా?"

"ముట్టింది."

"మరి నా గోడ ఎందుకు గీకావు?"

"మా అమ్మాయి గోడ అవుతుందని విన్నాను."

గొడుగు మడిచి గోడకు ఆనించి, నన్ను ఎగాదిగా చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. కోపం రాలేదు, ముచ్చటపడ్డాడు. "అయితే ఇంకేం! కప్పింది నువ్వు. చూసి బాగుందన్నది నువ్వు. సాక్షి సంతకం నీది. ఆ అమ్మాయి ఎవరి మీదైనా కేసు పెట్టాలంటే ముందు కన్నతండ్రి మీద పెట్టుకోవాలి. వెనక్కి తగ్గితే అడ్వాన్సు రాదు, చెప్పు ఆమెకు" అన్నాడు. తర్వాత టైలరమ్మ వైపు తిరిగి "నువ్వు ఏమైనా వాగావా?" అన్నాడు. "ఆమెకేం తెలియదు, వాగింది నేనే" అన్నాను. జీవితంలో ఒక ఓనరుకు ఎదురు మాట్లాడటం నాకు అదే మొదలు.

ఇప్పుడు నీ కాగితంలో గళ్ళు నేను దిద్దుతాను. చెమ్మ: ఉంది, బాగా ఉంది. రిపేర్లు: ఏడాదికి ఒక నెల అద్దె అని వేశావు, మొదటి ఏడాదికి తొమ్మిది నెలల అద్దె వేసుకో. పక్కింటివాళ్ళు ఒప్పుకుంటే మట్టి తవ్వించాలి, మిగిలిన గచ్చు కూడా ఊడగొట్టి నీళ్ళు పీల్చని సిమెంటుతో మళ్ళీ చెయ్యాలి, ఒక వానాకాలం దాటేదాకా రంగు ముట్టుకోకూడదు. పక్కింటివాళ్ళు ఒప్పుకోకపోతే ఆ గది ఎప్పటికీ అంతే. ఖాళీగా ఉండే నెలలు: ఇల్లు ఖాళీ కాదు గానీ వెనక గది ఖాళీ, కాబట్టి అద్దెలో మూడో వంతు తీసెయ్యి. ధర: ఇంత ధరకు ఈ ఇల్లు వద్దు. ఇది నీ తండ్రి మాట కాదు. తండ్రి మాటకు ఏం విలువ మిగిలింది? పెయింటరు మాట అనుకో.

ఈ ఉత్తరంతో రెండు కాగితాలు పెట్టాను. ఒకటి షావుకారు కొట్టు బిల్లు, ఏ తేదీన ఏ ఇంటికి ఎన్ని డబ్బాల ఆయిల్ పెయింటు వెళ్ళిందో అందులో ఉంది. రెండోది నేను రాసి సంతకం పెట్టింది. గొడుగాయన చెప్పగా డబ్బు తీసుకుని చెమ్మ కప్పాననీ, తెలిసి కూడా నీతో బాగుందని అబద్ధం చెప్పాననీ రాశాను. ఇవి చూపిస్తే అడ్వాన్సు వెనక్కి అడగడానికి దారి ఉండొచ్చని కోర్టు దగ్గర టైపు చేసే ఆయన అన్నాడు. తప్పకుండా వస్తుందనలేదు. "ఇది బయట పెడితే మీకే చిక్కండీ, ఆలోచించుకోండి" అన్నాడు. నువ్వు ఆలోచించకు. ఎవరికి చూపించాలనుకుంటే వాళ్ళకు చూపించు.

ఇంకొకటి ఉంది. ఇదైతే మీ అమ్మకు కూడా తెలియదు. నీకు ఎనిమిదేళ్ళప్పుడు మనం ఉన్న మూడో ఇంట్లో, నీ మంచం గోడ వైపు ఉండేది. ఆ ఏడు నీకు దగ్గు పట్టుకుని రెండేళ్ళు వదల్లేదు. ఇప్పటికీ చెమ్మ వాసన తగిలితే నీకు ఊపిరి ఆడదు. డాక్టరు ఇంట్లో చెమ్మ ఉందా అని అడిగితే, లేదండీ, దుమ్ము అయ్యుంటుంది అన్నాను. ఆ గోడనూ నేనే కప్పాను తల్లీ. అద్దె పెంచకుండా ఉంటానంటే, ఓనరు ఇచ్చిన డబ్బాతో, నువ్వు బడికి వెళ్ళిన పూట కప్పాను. సాయంత్రం వచ్చి నువ్వు తలుపు వెనక నా ముద్ర వెతికి, దొరికాడు నాన్న అని ఎగిరావు. నీ జాబితాలో అన్నిటికన్నా ముందు చెమ్మే ఎందుకుందో నాకు బాగా తెలుసు. తెలిసే బాగుందన్నాను.

నన్ను క్షమించమని అడగను. రెండు సంగతులు మాత్రం అడుగుతాను. కొన్నా, మానేసినా, టైలరమ్మ పేరు ఎక్కడా రానివ్వకు. కొంటే ఆమెను ఉండనివ్వు, చొక్కాల గుడ్డ ఖరీదు నేను ఇచ్చుకుంటాను. నిచ్చెన ఎక్కి కాదు. కింద నిలబడి వేసే కిటికీలూ తలుపులూ ఉంటాయి.

ఇత్తడి తాళం మీ అమ్మ బీరువా కింద పెట్టింది. చూస్తే ఒళ్ళు మండుతోందట. ఇంత రాశాక కూడా, ఆ అగ్రిమెంటు తీసి నీ పేరు చూస్తే నాకు సంతోషం ఆగడం లేదు తల్లీ. దాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు, ఎవరికి చెప్పుకోను?

గోడంతా గీకాను గానీ, తలుపు వెనక జానెడు ముక్క మాత్రం వదిలేశాను. చుట్టూ ఇటుక, మధ్యలో ఆ వెన్న రంగు ముక్క. ముద్ర చెరగలేదు, గాటుతో సహా ఉంది. వచ్చినప్పుడు చూడు. అరవనక్కర్లేదు.

ఇట్లు,
నమ్మి పంపితే గోడ మీద చెయ్యి వేసి బాగుందన్న
మీ నాన్న